లక్ష దాటిన కారు అమ్మేయాలా? ఇంజన్ మూడు లక్షల కిలోమీటర్లు లాగాలంటే ఏం చేయాలి

ఎక్కడ కూర్చున్నా నన్ను అడిగేది ఒకటే. "బండి లక్ష దాటింది, ఇప్పుడైతే రేటొస్తుంది, అమ్మేయమంటావా?" అని ఒకరు, "సెకండ్ హ్యాండ్‌లో ఒకటి చూశాను, రీడింగ్ లక్షా ఇరవై ఉంది, ఇంజన్ అయిపోయినట్టేనా?" అని ఇంకొకరు. మొన్న రాజాంలో పెళ్లికెళ్తే భోజనాల బంతిలో కూడా ఇదే. ఒక్కొక్కరికీ సగం సగం చెప్పేకంటే మొత్తం ఒకచోట రాసేస్తే ఎవరికి కావాల్సింది వాళ్లు చూసుకుంటారు కదా అని రాస్తున్నా.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇప్పటి పెట్రోల్ ఇంజన్ సరిగ్గా చూసుకుంటే రెండు, రెండున్నర లక్షల కిలోమీటర్లు విప్పే పని లేకుండా తిరుగుతుంది. డీజిల్ అయితే మూడు లక్షలు, ఇంకా పైన కూడా. మన ఇళ్లలో సొంత కారు ఏడాదికి పది వేలు తిరగడమే ఎక్కువ, ఆ లెక్కన ఆర్సీ గడువు 15 ఏళ్లు నిండేసరికి లక్షన్నర అవుద్ది. అంటే ఇంజన్‌కి ఇంకా బోలెడు ఆయుష్షు ఉండగానే ఆర్సీ అయిపోద్ది, అప్పుడు కూడా ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లు రెన్యువల్ చేయించుకోవచ్చు, పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగొద్దని ఢిల్లీలో పెట్టిన రూలు మన దగ్గర లేదు. కాబట్టి లక్ష అనేది భయపడాల్సిన నంబర్ కాదు.

మరి 80 వేలకే ఇంజన్ విప్పాల్సొచ్చే బండ్లు ఎందుకున్నాయి? మా ఇంట్లోనే జరిగింది చెప్తాను. మా మామయ్యది నరసన్నపేట. ఆయన కారూ, మాకు బాగా తెలిసిన ఒక టాక్సీ తమ్ముడి కారూ ఒకటే మోడల్ డీజిల్, నాలుగు నెలల తేడాలో కొన్నారు. తమ్ముడి బండి శ్రీకాకుళం నుంచి విశాఖ ఎయిర్‌పోర్టుకీ స్టేషన్‌కీ రోజూ హైవే మీద తిరిగేదే, ఇప్పుడు రెండు లక్షల అరవై వేలు దాటింది, ఇంజన్ మీద ఇంతవరకూ స్పానర్ పడలేదు. మామయ్య బండి 82 వేలకే బోరు పనికొచ్చింది, అంటే సిలిండర్లు అరిగి ఇంజన్ విప్పాల్సొచ్చింది. షెడ్డులో ఇంజన్ కింద ఆయిల్ ఉండే ఛాంబర్ విప్పేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. అడుగున ఉన్నది ఆయిల్ కాదు, పలాస వైపు జీడి పిక్కలు కాల్చేటప్పుడు కారే నల్ల జిగురు చూసుంటారు కదా, అచ్చం ఆ ముద్దే. మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో గీస్తే గీత పడి అలాగే ఉండిపోయింది, మళ్లీ కలవలేదు. ఆయిల్ పంపు పీల్చుకునే జాలీ సగానికి పైగా మూసుకుపోయింది. "ఏటి బాబూ ఇది, ఆయిలు మార్చి ఎన్నాళ్లయింది?" అని అతనడిగితే మామయ్య "పది వేలు తిరగలేదు కదా, రెండేళ్లవుతుందేమో" అన్నారు.

ఏడాదికి ఐదు వేలు తిరిగే బండికి పది వేలు అయ్యాకే ఆయిల్ అని కూర్చుంటే రెండేళ్లు పడుతుంది. పైగా ఆయన తిరుగుడంతా ఇంటి నుంచి బజారుకి, బజారు నుంచి బడికి, రెండేసి కిలోమీటర్లు. ఇంజన్ వేడెక్కేలోపే ఆపేయడం. ఆ బోరు పని బిల్లు 68 వేల రూపాయలకి తేలింది.

ఇక్కడ ఒక్క లెక్క చూడండి, థియరీ అంటే ఇంతే. ఊళ్లో ట్రాఫిక్‌లో సగటు వేగం గంటకి 20 అనుకుంటే 80 వేల కిలోమీటర్లకి ఇంజన్ 4,000 గంటలు తిరిగినట్టు. హైవే మీద సగటు 60 అనుకుంటే అదే 4,000 గంటల్లో బండి రెండు లక్షల నలభై వేలు పోద్ది. మీటర్లో మూడింతల తేడా ఉన్నా రెండు ఇంజన్లూ తిరిగిన గంటలు ఒకటే. అందుకే మీటర్ ఒక్కటే చూసి ఇంజన్ వయసు చెప్పలేం, ఇంజన్‌ని ఎక్కువగా చంపేవి రెండు, చెడిపోయిన లేదా తగ్గిపోయిన ఆయిల్, ఇంకోటి వేడి. కింద చెప్పేవి చాలావరకు ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

కావాల్సినవి

- కారుతో వచ్చిన మాన్యువల్. పోతే కంపెనీ సైట్లో మీ మోడల్, మీ సంవత్సరం చూసి దించుకోండి
- పాత నూలు గుడ్డ, పీచు రాలనిది
- టార్చి (ఫోన్‌ది చాలు)
- రాసుకోవడానికి చిన్న నోటుబుక్కు ఒకటి, డాష్‌బోర్డులోనే పడుండాలి, పెన్నుతో సహా
- ఓబీడీ బ్లూటూత్ రీడర్. ఇది తప్పనిసరి కాదు కానీ ఉంటే చాలా మంచిది, స్టీరింగ్ కింద గుచ్చితే ఫోన్‌లో ఇంజన్ టెంపరేచర్ అంకెల్లో కనిపిస్తుంది

1. రెండు వారాలకోసారి డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిల్ ఎంతుందో చూపే కడ్డీ) మీరే చూడండి

బండి సమతలంగా ఉన్నచోట ఉండాలి, వాలుగా పెట్టి చూస్తే తప్పు చూపిస్తుంది. పొద్దున్నే స్టార్ట్ చేయకముందు చూడటం మంచిది, తిప్పాక చూడాల్సొస్తే ఆపి పది నిమిషాలు ఆగండి, పైనున్న ఆయిల్ కిందికి దిగాలి. డిప్‌స్టిక్ తీసి గుడ్డతో శుభ్రంగా తుడిచి మళ్లీ పూర్తిగా లోపలికి దోపి తీయండి. మొదటిసారి తీసినప్పుడు కనిపించేది లెక్కలోకి తీసుకోవద్దు, చాలామంది చేసే తప్పు ఇదే.

ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. చాలా కార్లలో కింది గుర్తుకీ పై గుర్తుకీ మధ్య తేడా సుమారు ఒక లీటరు. సగం ఉంటే కంగారేమీ లేదు, నోటుబుక్కులో రాసుకోండి చాలు. కింది గుర్తు దగ్గరికొస్తే అదే గ్రేడ్ ఆయిల్ పావు లీటరు పోసి, ఐదు నిమిషాలాగి మళ్లీ చూసుకుంటూ పెంచండి.

పై గుర్తు దాటి పోయొద్దు. ఎక్కువైతే మంచిదే కదా అనుకుంటారు, కాదు, క్రాంక్ (ఇంజన్ అడుగున తిరిగే ఇరుసు) తిరిగేటప్పుడు ఆ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, నురగతో ప్రెజర్ రాదు, సీళ్లు కూడా కారడం మొదలెడతాయి.

ఇంకో ముఖ్యమైన విషయం. ఎవరూ పోయకుండానే ఆయిల్ లెవెల్ పెరిగిందంటే సంతోషించొద్దు, లోపల ఏదో కలుస్తోంది. బీఎస్ 6 (2020 ఏప్రిల్ నుంచి వచ్చిన కాలుష్య నిబంధన) డీజిల్ బండి అయితే డీజిల్ కలుస్తుండొచ్చు, దాని గురించి 7లో చెప్తాను. డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన కాఫీ రంగు కనిపిస్తే కూలెంట్ కలుస్తోందని, ఇక ఆ బండి నడపకుండా షెడ్డుకి లాగించుకెళ్లండి. ఆయిల్ పోసే మూత అడుగున మాత్రమే కొంచెం తెల్లటి జిగురు ఉండి, డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంటే అది వానాకాలంలో చిన్న చిన్న తిరుగుళ్ల వల్ల పట్టిన చెమ్మ, గంటసేపు హైవే మీద తిప్పితే పోద్ది.

రంగు నల్లగా ఉందని ఆయిల్ మార్చేసేవాళ్లున్నారు. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడుతుంది, మసిని పట్టుకుని తనలో ఉంచుకోవడం దాని పని. రంగు కాదు, తారీఖూ కిలోమీటర్లూ చూడండి.

2. ఆయిల్ మీకు ఎప్పుడు మార్చాలో మీరే తేల్చుకోండి

మన దగ్గర చాలా కంపెనీలు చెప్పేది పది వేల కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందైతే అది. ఆ చివరి ముక్కని జనం వదిలేస్తారు, మామయ్య వదిలేసినట్టే. మాన్యువల్లో ఇంకో పేజీ ఉంటుంది, కఠినమైన వాడకం అని, దుమ్ము రోడ్లు, చిన్న దూరాలు, ఎక్కువ ట్రాఫిక్, కొండదారులు. మీ వాడకం అందులో ఉందేమో నిజాయితీగా చూసుకోండి.

- రోజూ హైవే మీద తిరిగే బండి, ఉదాహరణకి ఎచ్చెర్ల, రణస్థలం వైపు ఉద్యోగానికెళ్లొచ్చేది: పది వేలకి మార్చినా చాలు
- ఊళ్లోనే ఐదు కిలోమీటర్ల లోపు తిరుగుళ్లు: ఐదు వేలు, లేదా ఆరు నెలలు
- టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల రోడ్లు, గరివిడి గనుల వైపు, ఘాట్ రోడ్లు: ఐదు నుంచి ఏడు వేలు
- నెలకోసారి గుడికి తప్ప బయటికి తీయని బండి: ఎంత తిరిగినా ఏడాదికోసారి తప్పదు

చిన్న దూరాలు ఎందుకంత చెడ్డవంటే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కొంత ఇంధనం, కొంత తేమ ఆయిల్లోకి దిగుతాయి. ఆయిల్ బాగా వేడెక్కితే ఆవిరైపోతాయి, వేడెక్కకముందే ఆపేస్తే అక్కడే ఉండిపోయి ఆయిల్‌ని ముద్ద చేస్తాయి. కూలెంట్ కంటే ఆయిల్ వేడెక్కడానికి ఎక్కువ టైం పడుతుంది, ముల్లు మధ్యకొచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు. ఊళ్లోనే తిరిగేవాళ్లు వారానికోసారైనా బండిని హైవే ఎక్కించి అరగంట తిప్పండి, అరసవల్లి దర్శనానికో శ్రీకూర్మానికో ఎలాగూ వెళ్తారు కదా, ఆ రోజు కొంచెం దూరం చుట్టి రండి.

3. ఏ ఆయిల్, ఎలా మార్పించాలి

ఆయిల్ చిక్కదనం చెప్పే అంకెలు మాన్యువల్లో 0డబ్ల్యూ-20 అని ఉంటే అదే పోయించండి, 5డబ్ల్యూ-30 అని ఉంటే అదే. "మన ఎండలకి చిక్కటిది పోయాలి సార్" అని 20డబ్ల్యూ-50 పోసే షెడ్లు ఇంకా ఉన్నాయి. పాత అంబాసిడర్ రోజుల మాట అది. ఇప్పటి ఇంజన్లలో ఆయిల్ దారులు సన్నం, వాల్వుల్ని సమయానికి తెరిచి మూసే టైమింగ్ చైన్‌ని బిగించి ఉంచే టెన్షనర్ కూడా చాలావాటిలో ఆయిల్ ప్రెజర్ మీదే పనిచేస్తుంది, చిక్కటి ఆయిల్ పొద్దున్న స్టార్ట్ చేయగానే పైదాకా చేరేసరికి ఆలస్యం అవుద్ది, ఆ కొన్ని సెకన్లలోనే అరుగుదల. పెట్రోల్‌కి డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ (నాణ్యత గ్రేడు) అని ఉంటే 2020లో వచ్చిన రకం, దాని తర్వాత 2025లో ఎస్‌క్యూ వచ్చింది. బీఎస్ 6 డీజిల్‌కి మాన్యువల్లో ఏసీఈఏ సీ2 అనో సీ3 అనో ఉంటుంది, అది కచ్చితంగా చూడండి, బూడిద తక్కువ వచ్చే రకం అది, వేరేది పోస్తే సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్, డీపీఎఫ్, మూసుకుపోద్ది.

మార్చేటప్పుడు:

- సీల్ ఉన్న డబ్బా మీ కళ్ల ముందు విప్పించండి, బిల్లు తీసుకోండి
- ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు పాత ఆయిల్ దింపాలి, అప్పుడే మసి కూడా దాంతో పాటు వస్తుంది. ధార ఆగి చుక్కలయ్యేదాకా ఆగండి
- ఆయిల్ ఫిల్టర్ ప్రతిసారీ మార్చాలి. "పోయినసారి మార్చాం, బాగానే ఉంది" అంటే ఒప్పుకోవద్దు, పాత ఫిల్టర్లో ఉన్న మురికి ఆయిలంతా కొత్తదాంట్లో కలుస్తుంది
- డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్. బోల్టుని బలం కొద్దీ బిగించనివ్వొద్దు, అల్యూమినియం ఛాంబర్ అయితే మర పోద్ది, తర్వాత జన్మంతా కారుతుంది
- పోశాక ఒక్క నిమిషం స్టార్ట్ చేసి ఆపి, కింద కారుతోందేమో చూసి, డిప్‌స్టిక్ మీరే చూసుకోండి
- ఖాళీ డబ్బాకి చిల్లు పెట్టి గానీ వదలొద్దు. ఆ డబ్బాల్లోనే నకిలీ ఆయిల్ నింపి మళ్లీ అమ్ముతారు

ఇంజన్ ఫ్లష్ (లోపలి మురికిని కడిగే ద్రవం) వేయించమంటే? రెగ్యులర్‌గా ఆయిల్ మార్చే బండికి అవసరం లేదు. ముద్ద కట్టిన బండికైతే ప్రమాదం కూడా, ఒక్కసారిగా ఊడిన ముక్కలు వెళ్లి జాలీని మూసేస్తాయి. అలాంటి బండికి మంచి ఆయిల్ పోసి రెండు వేలకి ఒకసారి, మళ్లీ మూడు వేలకి ఒకసారి మార్పిస్తే మెల్లగా కడుక్కుంటుంది, లేదా ఛాంబర్ విప్పి చేత్తో శుభ్రం చేయించాలి.

4. కూలెంట్: ఒట్టి నీళ్లు పోయొద్దు

మనది మంచు పడే ఊరు కాదు కదా కూలెంట్ ఎందుకు అంటారు. కూలెంట్ పని గడ్డకట్టకుండా చూడటం ఒక్కటే కాదు. సగం కూలెంట్ సగం నీళ్లు కలిపి, మూత ప్రెజర్ సరిగ్గా ఉంటే సుమారు 129 డిగ్రీల దాకా మరగదు, పైగా లోపల తుప్పు పట్టనివ్వదు. బోరు నీళ్లు పోస్తే ఏమవుద్దో మీ ఇంట్లో గీజర్ రాడ్డు చూడండి, తెల్లగా సున్నం పేరుకుని ఉంటుంది కదా, అదే పొర ఇంజన్ లోపల, రేడియేటర్ గొట్టాల్లో కడుతుంది. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రిజర్వాయర్ డబ్బాలో కూలెంట్ రెండు గుర్తుల మధ్య ఉండాలి, నెలకోసారి చూడండి. తగ్గితే అదే రకం కూలెంట్, గాఢమైనది అయితే బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం, ముందే కలిపి అమ్మేదైతే నేరుగా. రంగు కలిసింది కదా అని వేరే కంపెనీది పోయకండి, రంగుకీ లోపలి రసాయనానికీ సంబంధం లేదు. నెలనెలా తగ్గుతూ ఉంటే పోసుకుంటూ పోవడం పరిష్కారం కాదు, హోస్ క్లిప్పుల దగ్గర, వాటర్ పంపు కింద తెల్లటి మరకలు చూడండి.

థెర్మోస్టాట్ వాల్వ్ (ఇంజన్ వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచి మూసేది) తీసేస్తే బండి హీటెక్కదు అని చెప్పే మెకానిక్‌లున్నారు. దయచేసి తీయనివ్వొద్దు. ఆ వాల్వ్ లేకపోతే ఇంజన్ ఉండాల్సినంత వేడెక్కదు, చల్లగా ఉంది కదా అని కంప్యూటర్ ఎక్కువ పెట్రోల్ కొడుతూనే ఉంటుంది, ఆ పెట్రోల్ సిలిండర్ గోడల మీద ఆయిల్‌ని కడిగేస్తుంది, పిస్టన్ రింగులు అరుగుతాయి. వాల్వ్ పోతే కొత్తది వేయించండి.

చెక్ చేసుకోవడం ఎలా: ఓబీడీలో టెంపరేచర్ మామూలుగా 85 నుంచి 105 మధ్య ఉంటుంది. అరగంట తిరిగినా 70 దాటకపోతే వాల్వ్ తెరుచుకునే ఉండిపోయింది, లేదా ఎవరో తీసేశారు. ఏసీ వేయగానే చాలా కార్లలో రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతుంది, దిగి చెవితో విని చూడండి.

5. బండి హీటెక్కితే ఏం చేయాలి

ఈ ఐదు నిమిషాల్లో మీరు చేసేదాన్ని బట్టే ఇంజన్ ఉంటుందో పోతుందో తేలుతుంది. సాలూరు దాటాక సుంకి ఘాట్, ఎస్.కోట నుంచి అనంతగిరి మీదుగా అరకు ఎక్కే ఘాట్, ఈ రెండు చోట్లా ఎండాకాలంలో బానెట్ ఎత్తి నిలబడ్డ కార్లు కనిపిస్తాయి. నాకూ అనంతగిరి దగ్గర అయింది, బండి నిండా పిల్లలు, ముల్లు మధ్య దాటి కదులుతుంటే ఇంకో మలుపు ఎక్కేస్తే వ్యూ పాయింట్ వచ్చేస్తుంది అని మనసు లాగుతుంది. ఆగిపోయాను. హోస్ క్లిప్పు వదులైంది, అక్కడితో పోయింది. ఆ మలుపు ఎక్కి ఉంటే హెడ్డు (ఇంజన్ పైభాగం) వంగేది.

1) ఏసీ ఆపండి, హీటర్ ఫుల్లుగా, ఫ్యాన్ ఫుల్లుగా పెట్టండి. కార్లో ఉడికిపోతారు కానీ ఇంజన్ వేడి అటు కొంత పోద్ది.
2) జాగా చూసి వెంటనే పక్కకి ఆపండి. ఎర్ర లైటు వెలిగినా, ముల్లు ఎరుపులో ఉన్నా ఇంజన్ ఆపేయండి. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అనుకోవద్దు, హెడ్ గ్యాస్కెట్ (హెడ్డు కింద ఉండే సీల్) పోవడానికి రెండు కిలోమీటర్లు చాలా ఎక్కువ.
3) రేడియేటర్ మూత, రిజర్వాయర్ మూత ముట్టుకోవద్దు. లోపల మరుగుతున్న నీళ్లు ప్రెజర్ మీద ఉంటాయి, మొహం మీద కొడతాయి. కనీసం అరగంట, చేయి పెడితే కాలనంత దాకా ఆగండి.
4) ఇంజన్ మీద చల్లటి నీళ్లు కుమ్మరించొద్దు, వేడి లోహం పగులుతుంది.
5) చల్లారాక డబ్బాలో తగ్గిందేమో చూసి పోయండి. అత్యవసరంలో తాగే నీళ్లు పోసినా పర్వాలేదు, ఊరు చేరాక మొత్తం దింపించి కూలెంట్ పోయించాలి. పోసిన నీళ్లు పోసినట్టే కారిపోతుంటే స్టార్ట్ చేయొద్దు.

కొత్త కార్లలో చాలావాటికి ముల్లే లేదు, నీలం లైటు, ఎర్ర లైటు అంతే. ఎర్రది వెలిగేసరికే ఆలస్యం అయినట్టు. ఓబీడీ రీడర్ కొనమని చెప్పింది అందుకే.

6. గాలి ఫిల్టర్

గ్రానైట్ దుమ్ము అంటే ఇసుక కాగితం లాంటిది, ఫిల్టర్ పక్క నుంచి కొంచెం దూరినా సిలిండర్‌ని గీరేస్తుంది. ఐదు వేలకోసారి మూత తీసి చూడండి. గాలి కొట్టించేటప్పుడు లోపలి వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెజర్‌తో. ఫిల్టర్ తీశాక దాని వెనక పైపులో వేలు పెట్టి తుడవండి. వేలికి దుమ్ము అంటితే ఫిల్టర్ సరిగ్గా కూర్చోవట్లేదని, రబ్బరు అంచు చూసి వెంటనే మార్చండి. చవకగా దొరికే ఫిల్టర్ దగ్గర పొదుపు వద్దు.

7. నడిపే పద్ధతి

పొద్దున్న స్టార్ట్ చేశాక అరనిమిషం చాలు, పది నిమిషాలు ఊరికే ఆన్‌లో ఉంచొద్దు. కదిలాక మొదటి మూడు నాలుగు కిలోమీటర్లు రెండు వేల ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ చుట్లు) అటూ ఇటూలో మెల్లగా తొక్కండి.

ఘాట్ ఎక్కేటప్పుడు, స్పీడ్ బ్రేకర్ దాటాక గేరు దించకుండా టాప్ గేర్లోనే యాక్సిలరేటర్ నొక్కేయడం మన దగ్గర బాగా ఎక్కువ, మైలేజ్ వస్తుందని. ఇంజన్ దడదడమని కొట్టుకుంటుంది కదా, ఆ దెబ్బంతా బేరింగుల మీదే. గేరు దించండి, ఆర్‌పీఎం పెరిగినా ఇంజన్‌కి అదే సుఖం.

టర్బో (ఇంజన్‌లోకి గాలిని నెట్టే చక్రం) ఉన్న బండి అయితే హైవే మీద గట్టిగా తోలి వచ్చి టీ కొట్టు ముందు టప్పున ఆపేయొద్దు. టర్బో నిమిషానికి లక్ష చుట్ల పైన తిరుగుతుంది, ఆపగానే దానికి ఆయిల్ ఆగిపోయి ఉన్న ఆయిల్ కాస్తా వేడికి మాడి బొగ్గవుతుంది. ఒక్క నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి.

బీఎస్ 6 డీజిల్ (2020 ఏప్రిల్ తర్వాతవి) కొన్నవాళ్లకి ఇంకో మాట. సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అని మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, నిండినప్పుడు బండి తనంతట తానే ఎక్కువ డీజిల్ కొట్టి ఆ మసిని కాల్చుకుంటుంది. ఆ పని సగంలో ఉండగా మీరు ప్రతిసారీ ఆపేస్తే ఆ డీజిల్ జారి ఆయిల్లోకి దిగుతుంది. ఆయిల్ లెవెల్ పెరగడం అంటే ఇదే. డీపీఎఫ్ లైటు వెలిగితే హైవే ఎక్కి 60 పైన ఇరవై నిమిషాలు ఆపకుండా నడపండి. లెవెల్ పై గుర్తు దాటితే ఆయిల్ మార్చాల్సిందే. ఊళ్లో రెండేసి కిలోమీటర్లు తిరిగేవాళ్లు అసలు డీజిల్ కొనొద్దని నా అభిప్రాయం, పెట్రోల్ తీసుకోండి.

8. టైమింగ్ బెల్ట్ ఉందా, చైన్ ఉందా?

మీ బండికి ఏముందో మాన్యువల్లో చూసుకోండి. బెల్టు అయితే రాసిన కిలోమీటర్లకి, లేదా రాసిన ఏళ్లకి, ఏది ముందైతే దానికి మార్చాలి, బాగానే కనిపిస్తోంది కదా అని ఆగొద్దు. రబ్బరు చెప్పి తెగదు, తెగిందంటే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి. బెల్టుతో పాటు టెన్షనర్, ఆ బెల్టే వాటర్ పంపుని తిప్పేదైతే ఆ పంపు కూడా మార్పించేయండి, కూలీ ఒకసారే పడుతుంది. చైన్ అయితే మార్చే గడువు ఉండదు, కానీ చల్లటి స్టార్ట్‌లో ముందు వైపు నుంచి గొలుసు గిలకరించినట్టు శబ్దం రెండు మూడు సెకన్లు దాటి వినిపిస్తే చూపించండి. చైన్ సాగడానికి కూడా మొదటి కారణం పాత ఆయిలే.

9. వరద నీళ్లు

నాగావళి, వంశధార పొంగినప్పుడల్లా, తుఫాను వచ్చినప్పుడల్లా ఇది చెప్పాల్సొస్తుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా చుట్టాల బండి ఒకటి బానెట్ దాకా మునిగింది. నీళ్లు దిగిన మర్నాడు ఆత్రంగా స్టార్ట్ కొట్టారు. నీళ్లు గాలిలా నొక్కుకోవు, సిలిండర్లో నీళ్లుంటే పైకొచ్చే పిస్టన్‌కి దారి లేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోద్ది, అక్కడ అదే అయింది. మునిగిన బండికి తాళం తిప్పొద్దు, బ్యాటరీ వైరు తీసేసి, ఫొటోలు తీసి, ఇన్సూరెన్స్‌కి చెప్పి లాగించుకెళ్లండి. నీళ్లలో నడుస్తూ ఆగిపోయినా అంతే, రెండోసారి స్టార్ట్ కొట్టొద్దు.

10. ఫలితం ఉందో లేదో చూసుకోవడం

నోటుబుక్కులో ఒక్కో లైను ఇలా ఉంటే చాలు: "జూన్ 12, 94,310, ఆయిల్ పై గీతకి పావు కింద, కూలెంట్ మధ్యలో, ట్యాంక్ ఫుల్, మైలేజ్ 19.2". ఏడాది రాస్తే మీ ఇంజన్ సంగతి మీకే తెలిసిపోద్ది.

ఆయిల్ తాగడం: పై గుర్తు దాకా ఉన్నప్పుడు రీడింగ్ రాసుకుని వెయ్యి కిలోమీటర్లు తిరిగాక చూడండి. గుర్తించలేనంత కొంచెమే తగ్గితే భేష్. ఐదు వేలకి అర లీటరు తగ్గినా మామూలే. వెయ్యికే లీటరు పోతుంటే చూపించాలి, అప్పుడు కూడా ముందు బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే దారి)లో ఉండే పీసీవీ వాల్వ్ చూడమనండి. చవక సామాను అది, అది మూసుకుపోయినా ఆయిల్ తాగుతుంది, చాలాచోట్ల నేరుగా రింగులు పోయాయనేస్తారు.

పొగ: నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది. నల్లగా వస్తే ఇంధనం ఎక్కువ, లేదా గాలి తక్కువ. వేడెక్కాక కూడా తెల్లగా, తియ్యటి వాసనతో వస్తూనే ఉంటే కూలెంట్. పొద్దున్న చలిలో కాసేపు వచ్చే తెల్లటి ఆవిరి ఏమీ కాదు.

ఇంజన్ విప్పాలి అని ఎవరైనా అంటే ముందు కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఎంత ప్రెజర్ వస్తుందో కొలవడం) చేయించండి. అన్ని సిలిండర్ల అంకెలూ కాగితం మీద రాయించుకోండి, అన్నీ కంపెనీ చెప్పిన కనీసం కంటే పైన ఉండి, ఎక్కువదానికీ తక్కువదానికీ పది పదిహేను శాతం లోపు తేడా ఉంటే మామూలుగా బోరు పని అక్కర్లేదు. పెట్రోల్ ఇంజన్‌లో ఒకటి బాగా తక్కువొస్తే ఆ సిలిండర్లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు గానీ గ్యాస్కెట్ గానీ. రెండోదైతే హెడ్డు పనితో అయిపోద్ది, కింద బ్లాకు ముట్టుకోనక్కర్లేదు, ఖర్చులో చాలా తేడా.

సెకండ్ హ్యాండ్ చూసేవాళ్లు ముందురోజు ఫోన్ చేసి "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వేడిగా ఉంటే మళ్లీ రేపొస్తానని చెప్పి వచ్చేయండి. చల్లగా ఉంటే స్టార్ట్ చేయించి శబ్దం వినండి, వెనకాల పొగ చూడండి, తర్వాత ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత వదులు చేసి చూడండి, పొగ గుప్పుగుప్పుమని తన్నుకొస్తుంటే రింగులు అరిగాయి. మీటర్ వెనక్కి తిప్పినవి చాలా ఉంటాయి కాబట్టి రీడింగ్ కంటే సర్వీస్ బిల్లులు అడగండి. లక్షా అరవై తిరిగి, తారీఖు ప్రకారం ఆయిల్ మార్చిన బిల్లులన్నీ ఉన్న హైవే బండీ, 60 వేలే తిరిగి ఒక్క బిల్లూ లేని ఊరి బండీ పక్కపక్కన ఉంటే నేనైతే మొదటిదే కొంటాను, మొన్న మా తోడల్లుడికి విజయనగరంలో కొనిపించింది కూడా అలాంటిదే.